మూయని వాల్వు

వైటూకే పేరు చెప్పుకుని అమీర్‌పేటలో మేడమేడకూ ఒక కంప్యూటర్ కోచింగ్ వెలుస్తున్న ఏడాది, జూన్‌లో, పంజాగుట్ట దగ్గరి ఒక పరిశోధనాలయంలో పలుచని పొరల విభాగానికి నన్ను సీనియర్ టెక్నికల్ ఆఫీసరుగా వేశారు. లాంథనం కలిసిన రాగి ఆక్సైడును వేడి పలక మీద వెంట్రుకలో వెయ్యో వంతు మందాన పొరగా దించి, బాగా చల్లబరిచి, దాని విద్యుత్ నిరోధం కొలవడం మా పని. నిరోధం సున్నాకు పడిపోతే అది సూపర్‌కండక్టర్.

ఆ గుణం పొరకు ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే మా విభాగంలో పరిశోధన చేస్తున్న సరిత పీహెచ్‌డీ ప్రశ్న. ఆమెది సిరిసిల్ల, నేత కుటుంబం. కొద్దిగా కాల్షియం కలిపితే చాలని ఆమె వాదన. ఆక్సిజన్ ఎక్కువైనా ఆ గుణం రావచ్చు కనుక, పొర చల్లారకముందే ఆక్సిజన్ వాల్వు మూసెయ్యాలని నియమం. మూసేది నేను, లాగ్‌బుక్కులో రాసేదీ నేనే. వాల్వు మూయడంతో సహా చివరి నాలుగు పనులు రోజూ ఒకటే కాబట్టి వాటిని పొద్దున్నే రాసిపెట్టుకునేవాణ్ణి. అక్కడ అందరం అంతే.

ఆగస్టులో ఒక పొర సున్నాకు పడింది. విభాగమంతా మిఠాయిలు పంచుకున్నాం. తర్వాత అదే పద్ధతిలో చేసిన ఆరు పొరల్లో ఒక్కటీ పడలేదు. నేను ఊరుకున్నానా? పలక సరిగ్గా తుడవలేదని ఆ అమ్మాయినే సతాయించాను.

చివరికొకరోజు నా టేబుల్ దగ్గరికొచ్చింది. "సార్, నా చేతులనే తప్పున్నట్టుంది. అమీర్‌పేటల జావా కోర్సుల చేరిన. నెలాఖరుకు ఇది బంద్ చేస్త," అంది.

ఆమె వెళ్ళాక లాగ్‌బుక్కు తిరగేశాను. ఆ ఆగస్టు పేజీలో 'వాల్వు మూయబడినది' అని నా చేతిరాతే ఉంది. ఆ సాయంత్రం బావమరిది పెళ్ళిచూపులకని తొందరగా వెళ్ళిపోయాను. మర్నాడు వచ్చేసరికి వాల్వు తెరిచి ఉండటం, ఎవరు తెరిచారని నేను విసుక్కోవడం అప్పుడు గుర్తొచ్చాయి.

తెల్లారి ఆమె క్లాసు వదిలే వేళకు అమీర్‌పేట వెళ్ళి, ఆ కోచింగ్ సెంటర్ మెట్ల మీదే అంతా చెప్పేశాను.

"అయితే నా చేతులు మంచిగనే ఉన్నయి. సున్నాకు దించింది కాల్షియం కాదన్నట్టు," అంది సరిత. మళ్ళీ తనే, "కాల్షియం లేకుండ, వాల్వు తెరిచిపెట్టి ఒకటి చేసి చూద్దాం సార్," అంది.

చేశాం. ఆగస్టు పొర పడిన ఉష్ణోగ్రత దగ్గరే ఇదీ సున్నాకు పడింది. ఆమె మూడేళ్ళ వాదన ఆ మధ్యాహ్నంతో పోయింది. జావా కోర్సు మానేసి థీసిస్‌లో కాల్షియం అధ్యాయాన్ని మొదటినుంచి తిరగరాసింది. నా లాగ్‌బుక్కు పేజీ నకలును థీసిస్ చివర జతచేయవచ్చా అని అడిగింది. తప్పుడు వాక్యం కొట్టేసి, పక్కన సంతకం చేసి ఇచ్చాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, చెయ్యని పనిని ముందుగా నేను రాయలేదు, నా కింద పనిచేసినవాళ్ళను రాయనివ్వలేదు. ఎందుకని అడిగితే, లైబ్రరీకి వెళ్ళి సరిత థీసిస్ చివరి పేజీ చూసి రమ్మనేవాణ్ణి.