ఇంటర్వెల్ ఎక్కడ పడాలి

కరోనా తర్వాత హాళ్లు మళ్లీ తెరిచాక, ఒక వేసవిలో నన్ను తెనాలి హాలు నుంచి రేపల్లె హాలుకి సీనియర్ ఆపరేటరుగా పంపారు. రెండింటికీ యజమాని ఒకరే. నా రిటైర్మెంటుకి మూడు వారాలే ఉన్నాయి. నేను వెళ్లిన రోజే ఆ బొమ్మ విడుదలైంది. కుర్రతనంలో తెనాలిలో అసిస్టెంటుగా నేను ఆడించిన ఒక పాత ఇంగ్లీషు హారర్ సినిమాకి రెండో భాగం, తెలుగు డబ్బింగుతో! ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మొదటి భాగంలో ఒక నర్సుకి మేడమీద గదిలో అడుగుల చప్పుడు వినిపిస్తుంటుంది. ఆ తలుపు చివరిదాకా తెరవరు. అంతే కథ. దానికే జనం హడలిపోయారు. రెండో భాగంలో ముసలిదైన ఆ నర్సు అదే ఇంటికి వచ్చి ఆ తలుపు తీస్తుంది.

ఇంగ్లీషు సినిమాకి ఇంటర్వెల్ ఉండదు, మనకి లేకపోతే కుదరదు. అందుకని ఏ నిమిషంలో ఆపాలో డిస్ట్రిబ్యూటరు ఆఫీసు ఒక కాగితం పంపుతుంది. ఆపరేటరు బొమ్మ ఆడించే సర్వర్లో అక్కడ ఆగేలా మార్కు పెడతాడు. అది మార్చాలంటే వాళ్ల అనుమతి ఉండాలి. నేను కాగితం ప్రకారమే పెట్టాను. మార్నింగ్ షోలో తలుపు తెరుచుకుంది, గది ఖాళీ, వెంటనే లైట్లు. హాలంతా గొల్లున నవ్వింది. "దీనికోసమా ఇన్నేళ్లు ఆగింది!" అని ఎవరో కేక పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. బాపట్ల ఆపరేటరుకి ఫోన్ చేస్తే అక్కడా అదే నవ్వట.

యజమాని నా ప్రొజెక్టరు క్యాబిన్లోకి వచ్చి, "మ్యాట్నీకి కూడా నవ్వారంటే రేపు బొమ్మ మార్చేస్తానండి" అని చెప్పి వెళ్లిపోయారు.

అసలు సంగతి ఇంటర్వెల్ అవగానే ఉంది. ఖాళీ గదిలో నర్సు ఒక్కతే నిలబడుతుంది. కాసేపు నిశ్శబ్దం. అప్పుడు అడుగులు వినిపిస్తాయి, కిందనుంచి, తను ఎక్కివచ్చిన మెట్ల మీద! మార్నింగ్ షోలో ఆ ముక్క జనం తిరిగొచ్చి కూర్చునే గోలలో కొట్టుకుపోయింది. కాగితం రాసినవాడు బొమ్మ చూశాడే గాని వినలేదు. ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఫిర్యాదు వస్తే ఇన్నేళ్ల సర్వీసు చివర్లో మాట పడాలి. పడితే పడ్డానులే అనుకుని మార్కుని నలభై సెకన్లు ఆలస్యంగా పెట్టాను.

మ్యాట్నీలో గది ఖాళీగా కనిపించగానే ఇద్దరు ముగ్గురు నవ్వబోయారు. ఇంతలో హాలు వెనక స్పీకర్లలోంచి అడుగులు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. లైట్లు వెలిగాయి. ఒక్క నవ్వూ వినపడలేదు!

క్యాంటీన్ నడిపే వెంకాయమ్మ ఆయాసపడుతూ పైకొచ్చింది. "ఏంటన్నయ్యా, లైట్లేశావు, ఒక్కళ్లూ బయటికి రాలేదు! పకోడీలు చల్లారిపోతున్నాయి. లోపల ఏమైందేంటి?"

ప్రొజెక్టరు పక్కనున్న అద్దంలోంచి చూశాం. బయటికి వెళ్లే తలుపులు హాలు వెనకే ఉన్నాయి. జనమంతా కుర్చీల్లో వెనక్కి తిరిగి వాటినే చూస్తున్నారు, ఒక్కరూ లేవడం లేదు. నా ఉద్యోగమంతా ప్రేక్షకుల తలల వెనకభాగమే చూశాను. ముఖాలు చూడటం అదే మొదటిసారి. వెంకాయమ్మ చెయ్యి పట్టుకుని ఎగిరి గంతేశాను.

యజమాని బొమ్మ మార్చలేదు. సంగతి తెలిసి ఆఫీసువాళ్లు నన్ను కోప్పడ్డారు గాని, మర్నాడు బాపట్లకి నా టైమే పంపారు. నేను నేర్చుకున్నది ఇంతే: రెండో భాగంలో తలుపు తెరిచి చూపించొచ్చు, కాని జనానికి కొత్త భయం అందిన తర్వాతే లైట్లు వెయ్యాలి.