ఈశాన్యానికి పోని నీళ్లు

నంద్యాలలో మేం కట్టుకున్న ఇంట్లో టైల్స్ పని అయిపోయి చాన్నాళ్లయినా, స్నానాలగది తలుపు తీస్తే చాలు, తడి సిమెంటు వాసన గుప్పుమంటుంది. ఆ వాసనతోపాటు ఆళ్లగడ్డ ఎండాకాలం, మా నాయన మోకాళ్లకు కట్టుకునే గోనెసంచి పేలికలు, అమ్మ చీర అంచున అట్టకట్టిన సున్నం, అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. కొందరికి అది కొత్త ఇంటి వాసన. నేను మాత్రం వెంటనే కిటికీ తెరుస్తాను.

మా నాయన ఇళ్లలో బండలు పరిచే మేస్త్రీ. అప్పట్లో ఈ మెరిసే టైల్స్ ఎక్కడివి, కోయిలకుంట్ల నుంచి లారీల్లో దిగే నల్ల నాపబండలే కలవారింట్లోనైనా, అంతంతమాత్రపు వాళ్లింట్లోనైనా. కూలి అడుగుకింత అని మాట్లాడుకునేవారు. అమ్మ ఇసుక జల్లించి, సిమెంటు మాలు కలిపి, తట్ట మోసి, నాయన బండ పెట్టేటప్పుడు నేల వాలు తప్పకుండా లాగి కట్టే దారం రెండో కొస కదలకుండా పట్టుకునేది. ఆమెకంటూ వేరే కూలి లేదు, ఆ అడుగుల్లోనే ఆమె కూడా ఉన్నట్టు లెక్క. బడి లేని రోజుల్లో నేనూ వెంట వెళ్లి, బండలు కోసినప్పుడు రాలిన ముక్కల్ని ఏరుకుని, గోడనీడన కూర్చుని గచ్చకాయలాడేదాన్ని. మధ్యాహ్నం సంగటిముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, ఎవరింటి పెరట్లోనో రాలిన పిందె మామిడికాయ ఉప్పూకారంతో. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది, మళ్లీ దాని జోలికి పోవాలని మాత్రం లేదు.

శనివారం సాయంత్రం నాయన చేతికొచ్చిన కూలి ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి ఉండేది కాదు. బియ్యం అంగడికి కొంత, మొండిబారిన ఉలికి కొంత, అమ్మ మాత్రలకు మిగతాది. వానాకాలం ఇళ్ల పనులుండవు, పనుల్లేకపోతే కూలీ ఉండదు. క్రిస్మస్‌కు అమ్మ చేసే కజ్జికాయల్లో కొబ్బరి ఏటేటా తగ్గుతూ, పుట్నాలపొడి పెరుగుతూ వచ్చింది.

ఊరి చివర కాలనీలో మాకున్న ఒంటిగది ఇంటికి కింద మట్టినేల. వానలు పడితే ఆ నేల చెమ్మ చాప దాటి వీపుకు తగిలేది. అమ్మకు ఆయాసం. తడినేల మీద పడుకోబెట్టొద్దని ఆసుపత్రిలో గట్టిగానే చెప్పారు. రాత్రంతా ఆమె ఛాతీలో పిల్లికూతలు వింటూ పడుకునేవాళ్లం. "ఇప్పుడు చేసే ఇంటి కూలి దుడ్లు రానీ, మనకూ బండలేస్తా" అనేవాడు నాయన ప్రతిసారీ. అంతకంటే పెద్ద కోరిక మా ఇంట్లో లేదు.

ఒక వేసవిలో ఆళ్లగడ్డ బజార్లో బట్టల అంగడి శెట్టి ఇంటి పని దొరికింది. పెద్ద ఇల్లు. ఆ కూలి చేతికొస్తే మా గదికి బండలు ఖాయమని అమ్మ కూడా నమ్మింది. మా వైపు ఒక పద్ధతి ఉంది. బండలు పరచడం అయిపోయాక ఇంటాయన నైరుతి మూల బిందెడు నీళ్లు పోస్తాడు. ఎవరూ తొయ్యకుండా నీళ్లు వాటంగా జారి ఈశాన్యం మూలన ఉన్న తూముకు చేరాలి. చేరితేనే కూలి.

పని ముగిసే రోజు అమ్మకు ఆయాసం ఎక్కువై గోడకు ఆనుకుని కూలబడిపోయింది. నేను పక్కన కూర్చుని కొంగుతో విసురుతున్నాను. నాయన దారం రెండో కొసను ఒక ఇటుకకు చుట్టి పని కానిచ్చాడు. ఇటుక ఎప్పుడు జరిగిందో ఏమో.

శెట్టి నీళ్లు పోశాడు. మేం ముగ్గురం ఆ నీళ్లనే చూస్తున్నాం. నీళ్లు నున్నగా జారుతూ వచ్చి నడిమింట్లో ఆగాయి. దేవుడా, కొంచెం, ఇంకొంచెం అని నేను పెదవులు కదుపుతూనే ఉన్నాను. నీళ్లు కదల్లేదు.

"ఈశాన్యానికి పోవాల గదప్పా. ఈడే నిలిచిపాయె" అన్నాడు శెట్టి. కోపంగా కూడా అనలేదు.

"పీకి సరిచేస్తా, అన్నా" అన్నాడు నాయన.

"పీకేటప్పుడు పగిలినేటివి నీ లెక్కలోనే."

పగిలాయి. కొత్త బండల వెల పోను, మళ్లీ పరిచిన రోజుల తిండి పోను, నాయన ఇంటికి తెచ్చింది బియ్యానికీ మాత్రలకూ సరిపోయింది. అమ్మ గడపలో కూర్చుని, "ఈ తూరి గూడా మన్ను నేలేనా?" అని మాత్రం అడిగింది. నాయన మాత్రల చీటీ తీసుకుని అంగడికి బయల్దేరాడు.

ఆ తర్వాత కూడా మా ఇంటికి బండలు రాలేదు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక ముసురులో, ఆ మట్టినేల మీదే, చాప మీద అమ్మ పోయింది. నాకు ఉద్యోగం వచ్చి ఇల్లు కట్టేనాటికి పాదం పెట్టడానికి ఆమె లేదు.

ఈ ఇంటికి టైల్స్ వేసింది సంజామల నుంచి వచ్చిన ఓబులేసు. భార్య మాలు కలిపేది. కూలి ఏమైనా పెరిగిందా అని ఒకరోజు అడిగాను.

"అడుగుకిచ్చేది పెరిగింది మేడమ్. కోసే బ్లేడు మాదే, పెట్రోలు మాదే. బాడుగ, గ్యాసు, పిల్లోళ్ల ఫీజులు. యాడ మిగుల్తాది?" అన్నాడు, చేతిలో పని ఆపకుండా.

చివరి రోజు స్నానాలగదిలో వాటం చూద్దామని నేను బకెట్ నింపి తెచ్చాను. ఓబులేసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య తలుపు పక్కన నిలబడి నా చేతిలోని బకెట్‌నే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. మోకాళ్లు వంగక కుర్చీకే అతుక్కుపోయిన నాయన అవతలి గదిలోంచి అంతా చూస్తున్నాడు.

"నీళ్లు పోయొద్దు పాపా. దుడ్లిచ్చి పంపు" అన్నాడు.

ఇచ్చి పంపాను. వాళ్ల బండి సందు మలుపు తిరిగాక బకెట్ వంచాను. నీళ్లు తూము దాకా పోలేదు, మూలన నిలిచిపోయాయి.

ఇప్పుడు కొత్త ఇళ్లలో నాపబండలు లేవు, దారం కొస పట్టుకునే అమ్మా లేదు. రోజూ స్నానం చేశాక ఆ మూల నిలిచే నీళ్లను నేనే గుడ్డతో తుడుస్తాను. ఎంత తుడిచినా ఆ వాసన పోదు. ఎవరినీ పిలిచి సరిచేయించలేదు.