ముగ్గుపిండితో దుప్పుల జాడ

నేను వేట నేర్చుకున్నది అరవై తొమ్మిదో ఏట. తుపాకీ లేదు, ఉచ్చు లేదు, దేన్నీ చంపాలనీ లేదు. అయినా దాన్ని వేట అనే అంటాను. జంతువు ఎక్కడి నుంచి వస్తుంది, ఏ వేళకు వస్తుంది, ఏ దారిన పోతుంది అని తెలుసుకోవడమే వేటలో ముప్పాతిక పని. మిగిలిన పావు వంతు నాకు అక్కర్లేదు. ఈ మాట అంటే మా మరిది ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనీ.

మా చేను గిద్దలూరుకు పడమర, నల్లమల అంచున ఉంది. మా ఆయన పోయాక దున్నకం, ట్రాక్టరు, మందుల పని మరిది చూస్తున్నాడు. ఏ పని ఏ రోజు జరగాలో నేను చూస్తాను. ఆ ఏడు కందిలో సజ్జ వేశాం. సజ్జ కోతకు వచ్చింది, కంది మొగ్గ తొడుగుతోంది. దసరా వెళ్లిన మూడోనాడు పోయి చూస్తే, పడమటి సాళ్లలో కంది కొసలన్నీ కొరికేసి ఉన్నాయి. సాయంత్రానికల్లా మరిది తీగ చుట్ట ఒకటి తెచ్చి నా అరుగు మీద పడేశాడు.

"అడవి పందులు వదినా. ఆదివారం చేను చుట్టూ తీగ లాగి రాత్రిపూట కరెంటు పెడతా. రెండు పడితే మళ్ల ఈ పక్కకు రావు."

"పందులని ఎవరు చెప్పినారు?"

"చెప్పేదేంది? ఊరంతా పందులే గదా."

"ఊరంతా సంగతి వద్దు. నువ్వు చూసినావా?"

చూడలేదు. మా చేను గట్టు మీదుగానే ఆడవాళ్లు తెల్లవారకముందే గడ్డికి పోతారు. తీగకు పందీ, మనిషీ తేడా తెలియదు. పక్క ఊళ్లో అటువంటి తీగకే ఒక గొర్రెల కాపరి పోయాడు. ఆ ఇంటికి పలకరింపుకు పోయి వచ్చినదాన్ని నేను. అతని చెప్పులు ఇంకా గడప పక్కనే ఉన్నాయి.

"నా చేలో తీగ పడదు" అన్నాను.

"అయితే వచ్చే ఏటి నుంచి నీ చేను నువ్వే దున్నుకో. తినిపోతాంటే చూస్తా కూచోడం నాతో కాదు."

"ఆదివారంలోగా ఏది వస్తాందో, యాడి నుంచి వస్తాందో చూపిస్తా."

"చూపించకపోతే? తీగకు అడ్డం రాకూడదు మరి."

"అప్పుడూ అడ్డమొస్తా. అయినా చూపిస్తా."

మర్నాడే గిద్దలూరు బస్సెక్కాను. స్టేషను దగ్గర గొడుగులు, టార్చిలైట్లు బాగుచేసే సాయిబు ఒకాయన ఉన్నాడు. నాకంటే పెద్దవాడు. వేట కూడదనే చట్టం రాకముందు, పిల్లవాడిగా, వాళ్ల పెద్దలతో కలిసి షికారుకు పోయినవాడు. సంగతి చెప్పగానే గొడుగు కమ్మి పక్కన పెట్టి నన్ను కిందికీ పైకీ చూశాడు.

"చెల్లెమ్మా, ఈ వయసులో షికారా?"

"మీరు నేర్పించేది వయసుకా, నాకా?"

నవ్వి, టీ తెప్పించి, అప్పుడు చెప్పాడు. ఎండ ఎక్కకముందే పోవాలి, మంచు తడికి అడుగు చెదరదు. గాలి మన ముఖానికి కొట్టే చోట కూర్చోవాలి. పందికి గిట్టల వెనక రెండు చిన్న గుంటలు పడతాయి, మన్ను తవ్వి పోస్తుంది. దుప్పి అడుగు ముందు కొస సన్నంగా ఉంటుంది. మేక అడుగూ అట్లాగే కనిపిస్తుంది గానీ కొస మొద్దుగా ఉంటుంది. "అడుగు మీద మాత్రం నువ్వు కాలెయ్యొద్దు. ఇల్లలికి ముగ్గేసి దాన్నే తొక్కినట్టు" అన్నాడు.

మొదటి రోజు గట్టు మీద ఎండెక్కే దాకా కూర్చున్నాను. ఒక్క ఆకు కదల్లేదు. మళ్లీ పోయి చెబితే సాయిబు గాలి పీల్చి, "మోకాళ్లకు బామ్ పూసుకున్నావా?" అన్నాడు.

"నొప్పి ఉంటే పూసుకోనా?"

"పూసుకో తల్లీ. దుప్పులకు మాత్రం పెండ్లి పత్రిక కొట్టించి పంపినట్టే. అడవి అవతలి దాకా తెలిసిపోయింటది నువ్వొచ్చినట్టు."

ఆ రోజు నుంచి బామ్ లేదు, తలకు నూనె లేదు, సాంబ్రాణి పొగ పట్టిన చీర లేదు. మోకాళ్లు నా మీద కోపంతోనే ఉన్నాయి, ఉండనిచ్చాను. మర్నాడు వచ్చాయి, మంచులో ఎటు నుంచి దిగాయో మాత్రం కనబడలేదు. ముందు ఒక ఆడ దుప్పి, వెనక చుక్కలతో ఇంకా కొన్ని. మంచులో మెడ చాచి, కంది కొస అందుకుని, తల విదిలించి తెంపింది. దాని చెవులు ఎంత అందంగా ఉన్నాయో నాకెవరూ చెప్పనక్కర్లేదు, నాకూ కళ్లున్నాయి. కానీ అది తింటున్నది మొగ్గ. నేను ఏడాదంతా చూసుకున్న మొగ్గ. చప్పట్లు కొట్టాలని చేతులు లేచాయి, బలవంతాన ఒడిలో పెట్టుకున్నాను. తరిమితే అవి వచ్చిన దారి నాకు తెలియదు.

అవి పోయాక పని మొదలుపెట్టాను. నాకు ఏ పనైనా గుర్తు పెట్టందే సాగదు. కొంగులో మూట కట్టుకుని పోయిన బియ్యప్పిండితో దుప్పి అడుగు కనిపించిన చోటల్లా చుట్టూ ఒక సున్న చుట్టాను. పంది అడుగులు కూడా అక్కడక్కడ ఉన్నాయి, వాటికి ఎర్రమన్ను. పగలు పిండిని చీమలు ఎత్తుకుపోయేవి, తెల్లవారి నేను మళ్లీ చుట్టేదాన్ని. శనివారానికి పడమటి సాళ్లన్నీ తెల్లటి సున్నలు, మధ్యమధ్య ఎర్రవి. ఇంత శుభ్రంగా ఎవరు చేస్తారు అనుకున్నాను.

అదే రోజు సజ్జ కంకులు కోయడానికి కూలీ ఆడవాళ్లు రావాలి. వచ్చారు. గట్టు దగ్గరే ఆగిపోయారు. కొడవళ్లు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి రోడ్డు పట్టారు. మరిది నా దగ్గరికి ఉరికి వచ్చాడు.

"వదినా, ఏం చేసినావు? తెల్లపిండి, ఎర్రమన్ను చూసి చేతబడి అంటాండారు! ఒక్కరూ చేలోకి దిగం అంటాండారు. పందులు తిన్నది చాలదని ఇప్పుడు కోత కూడా పాయె. రేపు తీగ లాగేది లాగేదే!"

రోడ్డు దాకా పోయి వాళ్ల ముందు నిలబడ్డాను.

"చేతబడి అని ఎవరన్నారే?"

"మేం కాదు పెద్దమ్మా" అంది పెద్దావిడ, నా చేతుల పిండి వైపు చూస్తూ. "ఊరికే భయమైంది. పిల్లలు గలోళ్లం."

"రండి. నేను ముందు నడుస్తా. ఏదన్నా ఐతే నాకే గదా అయ్యేది."

నా వెనకే వచ్చారు, దూరంగా. మొదటి సున్న దగ్గర వంగి, పిండి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాను. మన్ను కరకరలాడింది. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది.

"బియ్యప్పిండే. నిన్న నేను తిరగట్లో విసిరిందే. మధ్యలో ఏముందో చూడండి."

చూశారు. ఒకరు అడుగన్నారు, ఒకరు మేక అన్నారు, నేను కొస చూపించాను. తరువాత వాళ్లను ఆపడం నా వల్ల కాలేదు. సున్న నుంచి సున్నకు పోతూ, "ఇది దుప్పి," "ఇది పందే," అని వాళ్లలో వాళ్లే పందెం వేసుకున్నారు. నవ్విన పిల్ల గట్టెక్కి అక్కడి నుంచి అరిచింది:

"పెద్దమ్మో! ఈడికొచ్చి చూడు. తెల్లటివన్నీ ఒకే కాడి నుంచి వస్తాండాయి!"

ఇన్నాళ్లూ ఒక్కొక్క అడుగు మీద వంగి చూశానే గానీ గట్టెక్కి మొత్తం చూడలేదు. ఎక్కి చూశాను. తెల్ల సున్నలన్నీ సాళ్ల మీదుగా సన్నబడుతూ పోయి ఒకే చోట కలుస్తున్నాయి. అక్కడ ముళ్లకంచె లేదు. విత్తనాలప్పుడు ట్రాక్టరు దిగడానికి మరిది కంప లాగి పక్కన పడేసిన చోటు అది.

అందరూ అతని వైపు చూశారు. పెద్దావిడే అడిగింది, "ఏం నాయనా, కంప మళ్ల ఎయ్యలేదా?"

"ఎయ్యాలనుకుంటి" అన్నాడు.

కోత అయ్యాక ఆ ఆడవాళ్లే నాతో కలిసి రేగు కంప తెచ్చి, సందు ఎత్తుగా మూసి, పైన రాళ్లు పెట్టారు. ఆదివారం తెల్లవారి మరిదిని వెంటబెట్టుకుని పోయాను. దుప్పులు వచ్చాయి. కంప ముందు తడి మట్టిలో అటూ ఇటూ తచ్చాడి, కంచె వెంట ఉత్తరంగా పోయాయి. లోపల కొత్త అడుగు ఒక్కటీ లేదు, ఒక మూల తవ్విన పందిది తప్ప. ఆ పంది కోసం మూల కంప కూడా బాగు చేయించాను. కంది నిలిచింది, తిన్న సాళ్లలో తప్ప.

తీగ చుట్ట నా అరుగు మీదే మిగిలింది. తిరిగి ఇవ్వలేదు. దొడ్లో రెండు గుంజలకు కట్టించి బట్టలు ఆరేస్తున్నాను. వారం తరువాత మరిది వచ్చి, తన తీగ మీద నా చీరలు చూసి, ఒకదాన్ని పక్కకు జరిపి నా ముందుకొచ్చాడు. ఉత్తరాన ఉన్నది అతని చేను.

"వదినా, మా శనగలో ఏందో తింటాంది. ఒకసారి వచ్చి చూస్తావా?"

"రేపు తెల్లారకముందే రా. తలకు వాసన నూనె రాసుకోవాకు" అన్నాను. "తీగ అడగాకు."