హైదరాబాద్ వెళ్ళిన అల్లుళ్ళు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నా నమ్మకం. డిగ్రీ అయ్యీ అవగానే మెడలో గుర్తింపు కార్డు వేసి, చేతిలో ట్యాబ్ పెట్టి, జంటలు ఎలా కలుస్తాయో, ఎందుకు విడిపోతాయో సర్వే చేసి రమ్మని నన్ను జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళ మీదికి వదిలారు. (అప్పటికి నేను ఏ మగపిల్లాడితోనూ తిన్నగా నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు.) చిల్లకల్లులో పుట్టింట్లో ఉంటున్న ఏ కూతుర్ని "మీ ఆయన ఏరండీ?" అని అడిగినా, లోపల్నుంచి వాళ్ళమ్మే "హైదరాబాద్‌లో పనిచేస్తున్నాడు, రాసుకో" అనేది. రాసుకున్నాను. మూడోరోజు సూపర్‌వైజర్ గారు ఫోన్ చేసి, "ఏంటమ్మా, ఊళ్ళో అల్లుళ్ళందరూ ఒకే బస్సెక్కారా? మళ్ళీ వెళ్ళి కనుక్కో" అని కేకలేశారు. విడిపోయారని చెప్పుకోవడం నామోషీ అనీ, అందుకే అల్లుళ్ళని హైదరాబాద్ పంపేస్తారనీ నా మట్టిబుర్రకి అప్పుడు తట్టింది.

మళ్ళీ వెళ్ళేసరికి ఒకింట్లో మిరపకోతకి బయల్దేరుతున్న అక్క కనిపించింది. వాళ్ళమ్మ నోరు తెరిచేలోపే, "నువ్వుండమ్మా! నాలుగేళ్ళ నించి ఆయన చేత ఉద్యోగం చేయిస్తానే ఉన్నావు" అని కసిరి, నావైపు తిరిగింది. "తాగొచ్చి కొడతన్నాడని నేనే వదిలేసా. అట్టాగే రాయి." ట్యాబ్‌లో 'భర్త వదిలేశాడు' ఉంది, 'భర్త చనిపోయాడు' ఉంది, భార్య వదిలేసింది మాత్రం లేదు. "దగ్గరగా ఉన్నది నొక్కేదా అక్కా?" అన్నాను, సిగ్గులేకుండా. "నన్ను వాడు వదిలేశాడని రాస్తే ఊరుకోను. గడప దాటొచ్చింది నేను!" నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. 'ఇతరములు' నొక్కి, 'ఆమే వదిలేసింది' అని టైప్ చేసి చదివి వినిపించాను.

సాయంత్రం నందిగామ ఆఫీసులో సూపర్‌వైజర్ గారు అది చూసి, "ఇతరములంటే పైవాళ్ళు ఒప్పుకోరు. భర్త వదిలేశాడని మార్చెయ్" అన్నారు.

"మార్చనండి."

"ఆవిడ నీకేమైనా చుట్టమా?"

"కాదండి. ఆవిడ చెప్పింది అది కాదండి."

"అయితే రేపట్నించి రాకు."

"రానండి!" అని ట్యాబ్ బల్లమీద పెట్టి విసవిసా బయటికొచ్చేశాను. (గుర్తింపు కార్డు మెడలోనే ఉండిపోయింది. ఇచ్చెయ్యడానికి మళ్ళీ లోపలికెళ్ళాను.) తర్వాత ఆయనే మార్చేసుకుని ఉంటారు. నా చేత్తో మాత్రం మార్చలేదు.

మొన్న నందిగామలో మా ఇంటికే ట్యాబ్ పట్టుకుని ఓ అమ్మాయి వచ్చింది. "మీవారు ఏరండీ?" అంది. వంటింట్లోంచి మా అమ్మ "హైదరాబాద్‌లో..." అంటూ అందుకుంది. "నువ్వుండమ్మా!" అని, ఆ పిల్లకి ఉన్నమాట చెప్పాను. ఆ పిల్ల వేలు ట్యాబ్ మీద తడబడుతుంటే, అప్పటి నేనే గుమ్మంలో నించున్నట్టనిపించి నవ్వొచ్చింది. వంగి చూశాను. 'భార్య వదిలేసింది' అన్న గడి ఇప్పటికీ లేదు.

"ఇతరములు నొక్కు తల్లీ. నే చెప్తా, టైప్ చెయ్యి. ఎవరు చెప్పినా మార్చకు."