ఈస్టు పసిగట్టిన పెద్దాయన

ఐదో తరగతితో బడి మానేశాను, రాయడం సరిగా రాదు. ఏమనుకోకండి.

అమెరికాలో, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మా హోటల్లో దోసెల పిండి రుబ్బే పెద్దాయన, పులిసేది ఏదైనా కళ్ళు మూసుకుని వాసన చూస్తారు.

తమ్ముడి పెళ్లి పార్టీకి బీరు నేనే చేస్తానని మాటిచ్చాను. బీరు పులియబెట్టే ఈస్టు పొడి, మిగతా సరుకు కలిపి అమ్మే కిట్లు మూడు కొంటే రెండు పాడయ్యాయి, ఒక్కటే మిగిలింది.

"కిట్టు ఎక్కడ పెట్టావురా?" అని ఆయన అడిగారు.

"గరాజ్‌లో, బాబాయ్."

"టెక్సాస్ ఎండకా? ఈస్టు చచ్చుంటుంది!"

షాపులో వేరే ఈస్టు కొనిపించారు. రెండు గ్లాసుల్లో గోరువెచ్చని చక్కెర నీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ఈస్టు వేశారు. కిట్టులోది కదల్లేదు. కొన్నది నురగతో పొంగింది. వాసన చూసి, "ఇదే వెయ్" అన్నారు.

బీరు అద్భుతంగా కుదిరింది. పార్టీలో మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చాను.

"వద్దురా, మేం చర్చి వాళ్ళం. పుట్టాక ఒక్క చుక్క తాగలేదు" అన్నారు.

ఆ గ్లాసు తమ్ముడి చేతికిచ్చాను.

తప్పులు రాసుంటే పెద్ద మనసుతో మన్నించండి.