ఓబులేసు మామ మందలో నా గొర్రె

ముందే చెప్తున్నాను, ఇది జోక్ పోస్ట్ కాదు. నా పేరు చూడగానే నవ్వే ఎమోజీ పెట్టేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి.

ఓబులేసు మామ నిన్న పొద్దున పోయాడు.

లింగమ్మత్త ఫోన్ చేసినప్పుడు నేను షాపులో ట్రాక్టర్ టైరుకు పంచర్ వేస్తున్నాను. "మీ మామ పోయినాడప్పా" అంది. నాతోనే ఎగతాళా అత్తా అన్నాను.

మామూలుగా అయితే ఆ మాటకు నన్ను తిట్టిపోయాలి.

తిట్టలేదు. అప్పుడు నమ్మాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మామ వజ్రకరూరు పక్కన మా ఊళ్ళో గొర్రెలు కాచే మనిషి. బడి గడప తొక్కలేదు. వాన పడిందంటే జనమంతా వజ్రాల కోసం చేలల్లో వంగి వెతుకుతారు. మామ ఒక్కసారి కూడా వంగలేదు. దొరికితే జీవాలకు మేపాల్నా అని అడిగేవాడు.

అరవై గొర్రెలు. మన కంటికి అన్నీ ఒకటే. ఆయనకు ఒక్కోదానిది ఒక్కో మొహం.

నాకేమో చేతులు ఊరుకోవు. ఏడాదికి ఒకటి రెండుసార్లు, సాయంత్రం మంద మా షాపు ముందు నుంచి పోయేటప్పుడు, మా ఇంటి గొర్రెను ఒకదాన్ని అందులోకి తోసేవాడిని. పది నిమిషాల్లో దాన్ని భుజాన వేసుకుని వెనక్కి వచ్చేవాడు. "నీ మొగమే ఉండాది దీనికి. యాడ దాచినా తెలుస్తాది" అనేవాడు.

ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా నేను గెలవలేదు.

మూడేళ్ళ కిందట గెలిచాను.

గొర్రెను తోశాను. మామ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు నేనే పోయి పట్టుకుంటే, "నా జీవాన్ని యాడికి తోలుకపోతాండావ్?" అని కట్టె ఎత్తాడు. నిజంగానే ఎత్తాడు.

నేను టీ అంగడిలో అందరికీ చెప్పి నవ్వించాను. నాలుగు నెలలు అదే కథ.

నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం గొర్రెలు వాటంతట అవే ఇంటికొచ్చాయి. మామ రాలేదు. వెతికితే చేను గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇంటికి దారి ఎటో తెలియక.

నా ఆటోలోనే అనంతపురం తీసుకుపోయాం. దారి పొడుగునా మామది ఒకటే మాట. జబ్బని తేలితే లింగమ్మ మందను అమ్మేస్తుంది, నాకేమీ లేదని చెప్పండి అని. ఆమె కూడా సరే అంది. నేనూ తల ఊపాను.

డాక్టర్ రక్తం టెస్టులు రాశాడు, తలకు స్కాన్ రాశాడు, నాడి చూశాడు. తర్వాత ఒక కాగితం తీసి ప్రశ్నలు మొదలుపెట్టాడు. గడియారం బొమ్మ గీయమన్నాడు. ఎనిమిదో క్లాసు రెండుసార్లు చదివిన నాకే అది సరిగ్గా రాదు, మామకేం వస్తుంది? తేదీ అడిగితే, "అమాస పోయి నాలుగు దినాలు" అన్నాడు ధైర్యంగా.

అమావాస్య ఇంకా రానేలేదు. అది నాకు తెలుసు. డాక్టరుకు తెలియదు.

ఆయన కాగితం పక్కన పెట్టి, చదువుకోనివాళ్ళ సంగతి ఇది పూర్తిగా చెప్పదు అన్నాడు. ఇంతకుముందు బాగా చేసి ఇప్పుడు చేయలేకపోతున్న పని ఏదైనా ఉందా అని అడిగాడు.

అత్త లేదంది. మామ నా వైపు చూశాడు.

నేను గొర్రె సంగతి చెప్పేశాను.

"ఇది జరిగి ఎన్నాళ్ళైంది?" అన్నాడు డాక్టర్.

"నాలుగు నెలలు సార్."

"మరి అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"

 

రిపోర్టులన్నీ వచ్చాక అల్జీమర్స్ అన్నాడు. మాత్రలతో నయం కాదు, కొన్నాళ్ళు నిలబెడితే అదే చాలు, ఇంకొకరు తోడుంటే మందను ఇప్పుడే అమ్మాల్సిన పనిలేదు అన్నాడు. మామకు ఆఖరి మాట ఒక్కటే వినిపించింది.

మాత్రలు మొదలుపెట్టిన మొదటి వారం వాంతులు. అత్త స్ట్రిప్ తీసి దిబ్బలో పారేసింది. నేను డాక్టరుకు ఫోన్ చేస్తే, అన్నం తిన్నాక వేయమన్నాడు, డోస్ నెల తర్వాత మెల్లగా పెంచాడు. కడుపు సర్దుకుంది.

మూడో నెలలో మళ్ళీ గొర్రెను తోశాను. ఈసారి ఆటకు కాదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు పొద్దున్నే మామ భుజాన గొర్రెతో వచ్చాడు. పది నిమిషాల పని ఒక రాత్రి పట్టింది. కానీ వచ్చాడు. మా నాయన దగ్గర నుంచి మొదలుపెట్టి వరసగా తిట్టాడు. నేను నిలబడి అన్నీ విన్నాను.

అత్త తోడుగా ఇంకో ఏడాదిన్నర మంద వెనక నడిచాడు.

ఆ తర్వాత మాత్రల చేతుల్లో కూడా లేకపోయింది. రెండో రకం మాత్ర కలిపారు. ఊరికే వచ్చే కోపం తగ్గింది కానీ దారి దొరకలేదు. మందను అమ్మారు.

ప్రతి సాయంత్రం జీవాలేవి అని అడిగేవాడు. అత్త అబద్ధమాడదు. అమ్మేసినామని చెప్పేది. రోజూ కొత్తగా విని రోజూ ఏడ్చేవాడు.

ఒకరోజు నేనున్నాను. "కొండ కింద మేస్తాండాయి మామా. సూసే వచ్చినా" అన్నాను. సరే అని పడుకున్నాడు.

అప్పటి నుంచి రోజూ ఆరింటికి షాపు మూసి పోయి అదే చెప్పాను. ఊరంతా ఛీ కొట్టిన నా అబద్ధాలకు ఒక ఉద్యోగం దొరికింది.

పోయిన నెల నుంచి మింగడం కష్టమైంది. దగ్గు, జ్వరం. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేసింది అన్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు జీవితమంతా చేసిన పనిలో తడబడితే నవ్వకండి. వయసు అని వదిలేయకండి. తీసుకుపోయి చూపించండి. నేను నాలుగు నెలలు నవ్వాను.

నిన్న మధ్యాహ్నమే అంత్యక్రియలు అయిపోయాయి. సాయంత్రం ఆరు కాగానే, అలవాటులో అటే నడిచాను. అత్త గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఈ పొద్దు నీకు పని లేదప్పా. ఇంటికి పో" అంది.

మామా, నిదానంగా పో. ఎవరినీ ఏమీ అడగనక్కర్లేని చోట నీకు మంచి నిద్ర పట్టాలి.