రాజేశం సారు చదివిన ఆ దినం

బీడీలకు తునికాకు తడిపి గోనెసంచి కప్పితే ఒక పచ్చి వాసన వస్తుంది. నేను బీడీలు చుట్టడం మానేసి చాలా ఏళ్లయింది. నిన్న సిరిసిల్లలో ఒక సందులో నడుస్తుంటే ఆ వాసన తగిలి కాళ్లు ఆగిపోయాయి. రాజేశం సారు గొంతు వినబడ్డట్టే అయింది. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది.

సారు కోరుట్లలో పిల్లలకు చదువు చెప్పి, నౌకరీ అయిపోయాక మా సందుకు వచ్చారు. పొద్దున్నే మేం ఆడవాళ్లం ఆయన అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. ఆయన పేపరు తెరిచి, ఇదే తేదీన ఎప్పుడో ఏ దేశంలోనో జరిగిన సంగతులు చదివి వినిపించేవారు. ఉన్నది ఉన్నట్టు చదివితే ఆయన సారు ఎందుకవుతారు? మనిషి చందమామ మీద దిగిన రోజు వచ్చింది. అప్పుడు నాకు కడుపు. నేను ఎవరికీ చెప్పలేదు, వాంతులే చెప్పేశాయి.

“గీ దినం అమెరికోళ్లు నెల మీద కాలు పెట్టిండ్రట,” అన్నారు సారు. “ఆళ్లకు నెల దొరికింది. మన లచ్చవ్వకు నెల తప్పింది.”

ఒడిలో చేటలు జారిపోయేలా నవ్వారు అందరూ. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మా ఆయన సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. అడవిలో ఉండే అన్నలకు ఒక పూట అన్నం పెట్టాడని ఆ చలికాలం ఖాకీలు వచ్చి, సాంచా నడుస్తుండగానే తీసుకుపోయారు. ఎదురుకాల్పుల్లో పోయాడని మర్నాడు పేపర్లో వచ్చింది. బిడ్డ పుట్టేసరికి సందులో ఆయన పేరు ఎత్తేవాళ్లే లేరు. అందరికీ భయం. నేనా, ఎత్తకూడదు. పెనిమిటి పేరు పెళ్లాం నోట రాకూడదు కదా. ఆ పేరు అట్లాగే మాసిపోతుందేమోనని నాకు ముద్ద దిగేది కాదు.

ఏడాది తిరిగింది. ఆయన పోయిన రోజే మళ్లీ వచ్చింది. బిడ్డ నా ఒడిలో ఉంది.

“గీ దినం ఒక దేశంల రాజును గద్దె దింపిండ్రట,” అన్నారు సారు. “గద్దెనెక్కి గద్దయితే దింపరా మరి.”

నవ్వులు ఆగాక పేపరు మడిచి పక్కన పెట్టారు.

“గీ దినమే మన సందుల మల్లేశం పోయిండు. ఎదురుకాల్పులని రాసిండ్రు. కాల్పులు ఆళ్లయి. ఎదురుసూసుడు గీ పిల్లది.”

ఎవరూ నవ్వలేదు.

“మెల్లగ సారూ, సందు మొగదల పోలీసుల జీపున్నది,” అంది ఎదురింటి రాజవ్వ.

“ఉండనీ. ఆళ్లు గూడ చరిత్రల ఉన్నోళ్లే గద.” సారు నా వైపు తిరిగారు. “ఇగ నువ్వను బిడ్డా, పేరు.”

“పెనిమిటి పేరు నేనెట్లంట సారూ?”

“జనం భయానికి అనరు, నువ్వు మర్యాదకు అనవు. మరి గీ పోరికి అయ్య పేరు ఎవలు చెప్పాలె?”

మల్లేశం, అన్నాను. బిడ్డ నా పెదాల వంకే చూసింది.

ఆ మధ్యాహ్నం సారును జీపులో ఎక్కించుకుపోయారు. కొన్నాళ్లకు కుంటుకుంటూ వచ్చి అదే అరుగు మీద కూర్చున్నారు. ఎట్లున్నది సారూ, అని అడిగాం.

“బందీఖాన అంటే ఏందో గిప్పుడు తెల్సింది. ఖానా బంద్.”

నవ్వబోయి ఏడ్చాం. ఆయన మళ్లీ పేపరు తెరిచారు.

సారు కూడా పోయి చాలా కాలమైంది. ఆఫీసుల్లో భర్త పేరు అడిగితే, నా ఈడు ఆడవాళ్లు ఇప్పటికీ పక్కవాళ్ల మొహం చూస్తారు, వాళ్లు చెప్పాలని. నేను చూడను. మల్లేశం అని గట్టిగా చెబుతాను. ఎలా పోయాడని అడిగి, ఎదురుకాల్పులని రాసుకోబోతారు. వాళ్ల చెయ్యి ఆపుతాను.

“ఎదురు తీసెయ్యి బిడ్డా. కాల్పులని రాయి.”